అసిరమ్మ లెక్కగట్టిన ఎండలు

జాలరిపేట ఒడ్డున ఎండుచేపలమ్మే అసిరమ్మ ఇంట్లో దేవుడి గొడవ పదేళ్ళనాటిది. ఆవిడ అన్న కన్నబాబు ఏసు ప్రభువును నమ్ముకున్నాడు. మరిది అర్జునరావు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తూ, దేవుడు లేడని చెప్పే మీటింగులకు తిరుగుతాడు. తుపానుకు పేటలో రేకులన్నీ లేచిపోయి ప్రార్థన మందిరం ఒక్కటీ నిలిస్తే, దేవుడి కాపుదల అన్నాడు కన్నబాబు. స్లాబు కాపుదల అన్నాడు అర్జునరావు. పక్కనే వల బాగుచేసుకుంటూ నేను ఇద్దరినీ ఎగదోసేవాణ్ణి. కాలక్షేపానికి అంతకంటే ఏం కావాలి? ఒకడికి దేవుడున్నాడన్నది నోరు తెరవకముందే ఖాయం, ఇంకొకడికి లేడన్నది ఖాయం. ఆ తర్వాత ఏం జరిగినా ఎవరి పొయ్యిలోకి వాళ్ళకు అది కట్టెపుల్లే.

మొన్న వానాకాలం అసిరమ్మ మొగుడు సింహాద్రి వేటకెళ్ళి తిరిగి రాలేదు. తోడెళ్ళాల్సినవాడికి జ్వరమొస్తే ఒక్కడే ఇంజను పడవ వేసుకుపోయాడు. రెండు రోజులు హెలికాప్టరు తిరిగింది, పేట పడవలన్నీ వెతికాయి. మూడోనాటికి అందరం చేతులెత్తేశాం. అసిరమ్మ మాత్రం, కన్నబాబు పడవను ఇంకొక్కసారి వెయ్యమని అన్ననూ మరిదినీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది.

“ఏటీ దొరకనేదంటే బతికున్నాడనే కదమ్మీ,” అన్నాడు కన్నబాబు. “దేవుడు మాటిచ్చినాడు. నాను ఉపవాస ప్రార్థన సేత్తన్నాను. ఇప్పుడు ఎతకడానికెల్తే నమ్మకం తప్పినట్టే.”

“ఏటీ దొరకనేదంటే మునిగిపోనాడనే బావా,” అన్నాడు అర్జునరావు. “తాగడానికి నీల్లు నేకుండా మడిసి నాలుగు రోజులు మించి బతకడు. మా ఒదినకి నేనిపోని ఆశ పెట్టకు.”

ఇక పట్టుకున్నారు. ఆత్మ ఉందా లేదా, ప్రార్థనకు రుజువేంటి, రుజువే కావాలని ఎవడన్నాడు. గుమ్మంలో నిలబడి అసిరమ్మ “పడవెయ్యండి” అంటూనే ఉంది. నాలుగోనాటి సాయంత్రం వాన దంచికొట్టింది. వాన వెలిశాక మళ్ళీ అందుకున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కుర్చీ లాక్కుని మరీ విన్నాను.

ఎనిమిదోనాటి పొద్దున భీమిలి వైపు జాలర్లు సింహాద్రి పడవను లాక్కొచ్చారు. లోపల మనిషి లేడు. ఇంజను చెడిపోయి ఉంది. టార్పాలిన్ మడతల్లో ఇంకా కాస్త వాననీరుంది. బల్ల మీద, చీల్చి ఆరబెట్టిన చేపలున్నాయి.

“సూసినావా బావా, నీల్లు దేవుడే పంపినాడు,” అన్నాడు కన్నబాబు.

“వాన పడితే పంపినాడా? మరి ఇంజను ఎవుడు పాడుసేసినాడు?”

అసిరమ్మ ఇద్దరినీ తోసుకుని పడవెక్కింది. ఒక్కో చేపనూ బొటనవేలితో నొక్కింది. ఆ పేటలో ఎండుచేప సంగతి ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

“దీనికి మూడెండలు తగిలినాయి,” అంది. “దీనికి రెండు.” చివరిదాన్ని విప్పి వాసన చూసింది, మళ్ళీ చూసింది. “ఇది నిన్న కోసినాది. లోపలింకా పచ్చిగానే ఉంది.”

నిన్న మధ్యాహ్నం ఈ బావలిద్దరూ సృష్టి గురించి వాదించుకుంటుంటే నేను టీ తెప్పించాను.

అప్పటికప్పుడు పది పడవలు వేశాం. మూడు రోజులు గాలించాం. సింహాద్రి దొరకలేదు.

పడవలు ఒడ్డుకు చేరాక అర్జునరావు ఆవిడ ముందు తలొంచుకుని, “నా లెక్క తప్పిపోనాది ఒదినా,” అన్నాడు. కన్నబాబు ఏడుస్తున్నాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టనూ లేదు.

“బతికున్నాడన్నోడూ ఎల్లనేదు. పోనాడన్నోడూ ఎల్లనేదు,” అంది. “మీ ఇద్దరికీ ముందే తెలిసిపోనాది. తెలీనిది నాకొక్కదానికే. అందుకే ఎల్లి సూడమన్నాను.”

తర్వాత నా వైపు తిరిగింది.

“నీకూ పడవుంది కదా, తాతబాబన్నా.”

ఉంది. ఆ ఐదు రోజులూ ఒడ్డునే ఉంది.