సూదక్క దిగిన గ్రహం

స్టూడియోలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కుట్టు గదిలో మెడ చుట్టూ టేపుతో, పెదాల మధ్య రెండు గుండుసూదులతో కనిపించే ఆవిడని అందరూ సూదక్క అనేవారు. వేరే గ్రహానికి ప్రయాణం కట్టే కథతో సినిమా ఒకటి మొదలైతే, వ్యోమగాముల దుస్తులన్నీ ఆవిడ చేతుల మీదుగానే తయారయ్యాయి. రెయిన్‌కోటు గుడ్డకి వెండిరంగు పూసి, లోపల దూది పెట్టి కుట్టింది. హీరోయిన్‌కి కొలతలిచ్చే తీరిక లేకపోతే తన ఒంటి కొలతలతోనే పని కానిచ్చింది.

తీరా అంతరిక్ష ఓడ దిగే సన్నివేశం నాడు హీరోయిన్‌కి కాలు బెణికింది. తల పట్టుకున్న దర్శకుడి చూపు సూదక్క మీద పడింది.

"హెల్మెట్లో మొహం ఎలాగూ కనపడదు. నువ్వే దిగమ్మా."

"అమ్మో, నేనా సార్?"

"నీ కొలతలకి కుట్టిన బట్టలు ఇంకెవరికి పడతాయి?"

సూదక్క హెల్మెట్ తగిలించుకుని ఓడ మెట్లు ఏడూ దిగి, ఎర్రరంగు కలిపిన ఇసుకలో పది అడుగులు వేసింది. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. తెరకెక్కే ఆడవాళ్ల మాటెత్తితే చాలు, అత్తగారు ఒంటికాలి మీద లేచేది.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. అత్తగారు పోయింది. సూదక్క కళ్లకి సూది బెజ్జం ఆనడం మానేసింది. ఒక మధ్యాహ్నం గ్రంథాలయం హాల్లో ఆ పాత సినిమా వేస్తున్నారని తెలిసి, బస్సు మెకానిక్‌గా రిటైరైన భర్తని వెంటబెట్టుకుని వెళ్లింది. తెర మీద ఓడ తలుపు తెరుచుకుంది. ఇక ఉగ్గబట్టలేక ఆయన చెవిలో చెప్పేసింది.

"ఏమండీ, అది నేనే."

"తెలుసు."

సూదక్క గిరుక్కున ఆయన వైపు తిరిగింది. "ఎప్పట్నించి?"

"మొదటిసారి చూసినప్పట్నించే. అదిగో, చూడు!"

కొత్త లోకంలో కాలు పెట్టబోతున్న వ్యోమగామి ఆగి, వంగి, మోకాలి మీద అంటుకున్న దారప్పోగుని ఏరి పారేసింది.

"అంత దూరం పోయి దారప్పోగు ఏరే మనిషి నువ్వు కాక ఇంకెవరే?" అన్నాడాయన. "అమ్మకి డిపోలో పనుందని చెప్పి ఐదుసార్లు చూశా."

"మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"నీ అంతట నువ్వే చెప్తావని చూశా. నేను నోరు జారితే అమ్మ నీచేత పని మానిపించేది. ఆ పనంటే నీకు ప్రాణం కదా."

సూదక్క కళ్లు తుడుచుకుంది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ దొంగల్లా తలలు దించుకున్నారు. సినిమా అయిపోయి దీపాలు వెలిగినా ఆయన లేవలేదు.

"ఇన్నేళ్లుగా అడగాలనుంది. అక్కడ ఎట్లా ఉందే?"

"ఏముందీ, ఒకటే ఉక్క!" అని నవ్వింది. "ముక్కు దురద పెడితే గోక్కునే దారి లేదు."

ఆ పది అడుగుల కథ ఇల్లు చేరినా తెమల్లేదు. తాళం తియ్యకుండా గడప ముందే కూర్చుని ఆయన మిగతాది విన్నాడు.