కాసాబ్లాంకాలో శుక్రవారం పళ్లెం

“ఒకటే బ్యాగ్, మామ్. కుక్కర్ తీసెయ్,” అంది మా అమ్మాయి.

తీసేశాను. నాలుగు జతల బట్టలూ, కందిపొడి డబ్బా మాత్రం మిగిలాయి. ఇరవై మూడు కిలోల సూట్‌కేసులు తప్ప మరో ప్రయాణం ఎరగని దాన్ని, యాభై రెండేళ్ల వయసులో వీపున సంచీ తగిలించుకుని అమెరికాలో, నోవైలోని మా ఇంటి గడప దాటాను. డిగ్రీ అయ్యాక పోర్చుగల్ తిరగాలని దాని ప్లాన్. తోడు రావాల్సిన స్నేహితురాలు మానేసింది. “నువ్వొస్తావా?” అని మాటవరసకి అడిగిందని తెలిసి కూడా “వస్తాను” అనేశాను. హైస్కూలు రోజుల నుంచీ నాతో కస్టమర్ కేర్‌తో మాట్లాడినట్టు మాట్లాడే పిల్ల. అమ్మనెందుకు తెచ్చుకున్నానా అని అది అనుకోకపోతే చాలు. దేవుణ్ణి అంతకు మించి ఏమీ కోరలేదు.

చవక టికెట్టు కదా, దారిలో మొరాకోలో, కాసాబ్లాంకాలో ఒక రోజు ఆగాలి. ట్రామ్ దిగి, తెల్లటి పాత మేడల మధ్య సముద్రపు గాలికి ఎదురు నడిచి హాస్టల్ చేరాం. ఒకే గదిలో ఎనిమిది మందికి మంచం మీద మంచం. నాకు పైది వచ్చింది. నోరు మూసుకుని ఎక్కాను. నా నోరు అంత తేలిగ్గా మూతపడేది కాదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు.

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం హాస్టల్ నడిపే పెద్దావిడ అందర్నీ భోజనానికి పిలిచింది. శుక్రవారం నాడు ఇంట్లో ఎవరున్నా కలిసి కుస్‌కుస్ తినాల్సిందేనట. అమ్మాయి తన స్కూలు ఫ్రెంచిలో అడిగి చెప్పింది. బల్ల మధ్యకి ఇంత పెద్ద మట్టి పళ్లెం వచ్చింది. పైన గుమ్మడి, క్యాబేజీ, శనగలు. కింద ఆవిరి మీద ఉడికిన సన్నటి రవ్వ. ఉప్మాకి ఇంత వైభోగమా అనుకున్నాను. అంతలో చుట్టూ కూచున్న వాళ్లంతా అదే పళ్లెంలోకి చెంచాలు దించారు. పెద్దావిడ చేత్తోనే మొదలుపెట్టింది.

ఎంగిలి! ఆలోచించే లోపే నా నోరు “ప్లేట్, ప్లీజ్” అనేసింది.

ఆవిడ నవ్వుతూనే లేచి తెచ్చి ఇచ్చింది. అమ్మాయి మొహం మాత్రం చిన్నబోయింది.

“ఆంటీ మార్నింగ్ నుంచి కుక్ చేసింది, మామ్,” అంది తెలుగులో, మెల్లగా. “ఇక్కడ అందరూ కలిసి తింటారు. నువ్వు ఒక్కదానివే వేరే...”

ఆ మొహం నాకు కొత్త కాదు. రెండో క్లాసులో స్కూలు పిక్నిక్‌కి వెళ్లినప్పుడు, నేను పెరుగన్నం ముద్ద నోటికి అందించబోతే, “డోంట్, మామ్, అందరూ చూస్తున్నారు” అన్నప్పటి మొహం. ఆ రోజుతో నా చేతి ముద్ద తినడం మానేసింది. నాకు చాలా ఏళ్లు బాధగానే ఉండేది. అప్పుడు నా తప్పేమిటో ఇప్పటికీ తెలీదు కానీ, ఇప్పుడు మాత్రం తప్పు నాదే. అయినా నాకు ఎంగిలి పట్టింపేమిటి? అది వదిలేసిన మెతుకులతోనే నా భోజనం అయిపోయిన రోజులెన్ని లేవు!

నా ప్లేటు పక్కకి నెట్టి, ముందుకి జరిగి, పెద్ద పళ్లెంలో నాకెదురుగా ఉన్న చోట చెయ్యి పెట్టాను. రవ్వ వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పెద్దావిడ పకపకా నవ్వి, అరచేతిలో వేసుకుని ఎగరేస్తూ గుండ్రంగా ఎలా చెయ్యాలో చూపించింది. రెండోసారికి నాకు కుదిరింది. ఇన్నేళ్లు ముద్దలు కలిపిన చెయ్యి ఊరికే పోతుందా? ఆవిడ మెచ్చుకోలుగా తలాడించి, మంచి గుమ్మడి ముక్కొకటి నా వైపు తోసింది.

అమ్మాయి కూడా చెంచా వదిలేసి ప్రయత్నించింది. రవ్వంతా ఒళ్లో పడింది. ఇంకోసారీ అంతే. బల్ల చుట్టూ ఉన్న వాళ్లంతా దాన్నే చూస్తున్నారు. అది నా వైపు తిరిగి నోరు తెరిచింది.

ముద్ద పట్టుకున్న నా చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“అందరూ చూస్తున్నారే,” అన్నాను.

“చూస్తే చూస్తారు, మామ్. పెట్టు.”