వచ్చిండు కాదు, వచ్చాడు

ఆదివారం సెలవు మా స్కూలుకే, నాకు కాదు. పాల్వంచ బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్లి తెలుగు బ్లాగులు చదివి వచ్చేదాన్ని. అప్పట్లో అవి కొత్త. వారమంతా పిల్లల కాంపోజిషన్లు దిద్దే తెలుగు టీచరుకు, ఎవరూ దిద్దమని అడగని తెలుగు దొరకడం ఎంత సుఖమో చెప్పలేను.

మొదటి రోజు తెరనిండా అక్షరాలకు బదులు చిన్న చిన్న డబ్బాలు కనిపించాయి. సెంటర్ నడిపే భాయ్ అంతకుముందు గడియారాలు బాగుచేసేవాడు. పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకుండ్రి మేడం, వైరస్ వచ్చింది!"

"వైరస్ కాదు భాయ్, తెలుగు. ఫాంటు లేదు."

"గిదేం తెలుగు? అన్నీ డబ్బాలే ఉన్నయ్."

ఫాంటు ఎక్కించాక అక్షరాలు వచ్చాయి గానీ, ఆయన నోట మాత్రం బ్లాగులకు డబ్బాలనే పేరు స్థిరపడిపోయింది. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, "ఇయ్యాల ఏ డబ్బా సూస్తరు మేడం?" అనేవాడు.

నేను వదలకుండా చదివే డబ్బాలు కొన్నుండేవి. ఒకాయన తన స్కూటర్ గురించి తప్ప మరేదీ రాసేవాడు కాదు. నేను చదివినన్నాళ్లూ అది ఒక్కసారీ స్టార్ట్ కాలేదు. ఒకావిడ వంటలు రాసి, చివర్లో "నాకైతే మాడింది, మీకు మాడకపోవచ్చు" అనేది. అంత నిజాయితీ నేను ఏ వంటల పుస్తకంలోనూ చూడలేదు.

అన్నిటికన్నా నాకిష్టమైంది మాత్రం మణుగూరు గనుల కాలనీ నుంచి ఒక గృహిణి రాసే బ్లాగు. ఆవిడ ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే రాసేది. నేను పైకి చదువుతుంటే భాయ్ చేతిలో పని పక్కన పెట్టి వినేవాడు. ఒక వారం మేక కథ వచ్చింది.

"మేక షిఫ్టు బస్సెక్కింది. డ్రైవర్ వచ్చిండు. ఇదెవ్వలది అన్నడు. ఎవ్వలు పలుకలె. మేకేమో సీటు మీద కూసొని కిటికీలకెల్లి సూస్తున్నది. మా ఆయన లేసి, పాసున్నదేమో అడుగు సార్ అన్నడు."

భాయ్ కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోవచ్చు కదా! చేతికి అలవాటైన ఎర్ర పెన్ను ఊరుకోనివ్వలేదు. భాయ్ చూస్తుండగానే కింద వ్యాఖ్య పెట్టాను: "కథ బాగుంది. 'వచ్చిండు' కాదు, 'వచ్చాడు' అనాలి. ఇలాంటివి ఇంకా పదకొండున్నాయి. సరిచూసుకోగలరు."

రెండు వారాలకు ఆవిడ బ్లాగులో కొత్త టపా పెట్టింది. "మేడం గారు చెప్పినట్లు సరిచేసుకొని వ్రాయుచున్నాను," అని మొదలు. "ఆ మేక మరల బస్సును ఎక్కినది. డ్రైవరు గారు దానిని దింపివేసినారు." అంతే, అయిపోయింది. ఒక్క తప్పు లేదు, ఒక్క నవ్వూ లేదు. భాయ్ ఓపిగ్గా విని, "మేక సచ్చిపోయిందా మేడం?" అన్నాడు.

ఆ తర్వాత ఆవిడ రాయడం మానేసింది. నాలుగు ఆదివారాలు అదే పేజీ తెరిచి, అదే టపా చూసి మూశాను. నావల్లే ఆగిపోయిందని తెలుసు. కానీ ఒప్పుకోవాలంటే నా ఎం.ఏ. అడ్డొచ్చింది. ఐదో ఆదివారం భాయ్ నిష్ఠూరంగా అన్నాడు.

"మొన్న మీ ఇంట్ల ఫ్యాన్ తిరగకపోతే నాకు ఫోన్ జేసి ఏమన్నరు? 'మెకానిక్ ఇంక రాలే భాయ్, నిన్న వచ్చిండా మీ దిక్కు?' అన్నరు. వచ్చాడా అన్నరా?"

ఇంట్లో పుట్టినప్పటి నుంచీ వచ్చిండు, పోయిండు అంటూ పెరిగినదాన్నే. నాకు నవ్వు తెప్పించిందే ఆ భాష. దాన్నే తప్పన్నాను. సిగ్గేసింది. అప్పటికప్పుడే కూర్చుని టైపు చేయబోతే వేళ్లు పుస్తకాల భాష వైపే పోయాయి. వెనక నిలబడి భాయ్ దిద్దాడు: "చ కాదు మేడం, స కొట్టుండ్రి."

"అక్కా, నాది తప్పయింది. నువ్వు ముందుగాల ఎట్ల రాసినవో మల్ల గట్లనే రాయి. మేక సంగతి సదవాలని మస్తు పానం కొట్టుకుంటున్నది."

పంపేముందు అక్షరదోషాల కోసం రెండుసార్లు చూసుకున్నాను. ఏం చేస్తాం, పుట్టుబుద్ధి.

తరువాతి ఆదివారం జవాబు ఉంది. "'మల్ల' కాదు మేడం, 'మళ్లీ' అనాలి. ఇలాంటివి ఇంకా ఏడున్నాయి. సరిచూసుకోగలరు." దానిపైన కొత్త టపా: "మా బ్లాగుల ఒక పంతులమ్మ జొరబడ్డది. మేకే నయముండె."

నవ్వుతూనే ఉన్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. భాయ్ కంగారుగా తెరవైపు వంగి, "ఏమైంది మేడం, ఆమె మల్ల వచ్చిందా?" అన్నాడు.

"అవ్ భాయ్, వచ్చింది," అన్నాను. ఆ మాట మా ఇంట్లోనూ అంతే, పుస్తకంలోనూ అంతే. దిద్దడానికేమీ లేదు.