టూవూంబాకు మిరియాల బీరు

నాలుగు సీసాలు, ఒక స్వెట్టర్, డబ్బాలో పులిహోర, పోటీ నియమాల కాగితం. 1999 జూలైలో ఒక శనివారం ఉదయం 7:15 బస్సులో బ్రిస్బేన్ నుంచి టూవూంబా బయల్దేరినప్పుడు నా దగ్గరున్న సామాను ఇంతే.

ఇక్కడ జూలైలో వచ్చే చలికాలానికని లవంగం, దాల్చినచెక్క వేసి, మామూలు బీరుకంటే గాఢంగా ఒక రకం కాస్తారు. వింటర్ ఏల్ అంటారు. ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు టూవూంబాలో దాని మీద పోటీ ఉంది. గెలిచినవారి బీరును అక్కడి చిన్న బ్రూవరీ తనే కాచి, తన బారు కుళాయికి ఎక్కించి అమ్ముతుంది. కంప్యూటర్లలో వైటూకే తారీఖుల కోడు సరిచేసే మా ఆఫీసులో డారెన్ అనే సహోద్యోగి, "మసాలాలు మీ కూరల్లోకి బానే ఉంటాయి మేట్. బీరు మాకొదిలెయ్" అన్నాడు. ఆ మాటకే పంతం పట్టి ఏప్రిల్లో ఇరవై లీటర్లు కాచాను. మిరియాలు, శొంఠి, లవంగాలు, ఏలకులు. ఆ కుళాయి నాకు కావాలి.

బస్సులో పక్కసీటు టూవూంబా ఆస్పత్రిలో పనిచేసే తెనాలి డాక్టరుగారిది.

"ఏంటోయ్ ఆ గలగల?"

"బీరు అంకుల్. మిరియాలు వేసి కాచాను."

"జలుబుకా, కిక్కుకా? ఇంట్లో తెలుసా?"

"తెలుసంకుల్. శొంఠి ఎంత వెయ్యాలో ఫోన్లో అమ్మే చెప్పింది."

"అయితే నేను నోరు మూసుకుంటా" అని ఆయన పేపరు తెరిచారు.

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చెవులు దిబ్బళ్లు పడ్డాయి. 9:20కి దిగాను. గడ్డి మీద ఇంకా మంచు ఉంది. హాలుకు పావుగంట నడక.

న్యాయనిర్ణేత మెర్వ్, తెల్లగడ్డం ముసలాయన, బ్రూవరీలో రిటైరయ్యాడు. నా బీరు గ్లాసులో పోశాడు. లేచిన నురగ చూస్తుండగానే చచ్చిపోయింది. గ్లాసు జిడ్డుగా ఉందేమోనని ఇంకొకటి కడిగి పోశాడు. మళ్లీ అంతే.

"మసాలాలు ఏం చేశావు?"

"నేతిలో వేయించాను."

మా ఇంట్లో లవంగమైనా మిరియమైనా నేతిలోనే చిటపటమనాలి. పైకి తేలిన నెయ్యి తీసేశాను, సరిపోతుందనుకున్నాను. జిడ్డు తగిలితే నురగ నిలవదని ఇంజనీరింగ్ చదివిన నాకు తట్టలేదు.

"బీరులో నెయ్యి!" బల్ల చుట్టూ అంతా పగలబడి నవ్వారు.

మెర్వ్ నవ్వలేదు. ఒక గుక్క తాగాడు. "వాసన బాగుంది. కానీ గొంతులో ఈ మంటేంటి? వింటర్ ఏల్‌లో మిరియాలుండవు. 'ఇతరాలు' విభాగంలోకి మార్చు, బహుమతి రావచ్చు."

ఇతరాల్లో గెలిచిన బీరును బ్రూవరీ కాయదు. నియమాల కాగితం చూపించాను. మసాలా దినుసులు అని ఉంది, ఏవో రాయలేదు.

"నురగ తప్పు నాది. మిరియాలు తప్పు కాదు, చలికే వేశాను. ఇక్కడే ఉంచండి."

"ఆఖర్న వస్తావు."

"రానివ్వండి."

పదకొండు మందిలో పదకొండో స్థానం వచ్చింది. పులిహోర తిని 4:30 బస్సెక్కాను.

వెళ్లదలచినవారికి: ఉదయం బస్సే మేలు. హాల్లో హీటరు ఒక్కటే, తలుపుకు దూరంగా కూర్చోండి. మసాలాలు పొడి మూకుట్లో వేయించండి. పరాయివాళ్లను చూసి నలుగురిలో నవ్వినా, అడిగితే లోపం దాచకుండా చెప్పే ఊరు అది. మళ్లీ వెళ్లదగ్గదే.

బస్సు ఘాట్ రోడ్డు దిగుతుండగా, హాల్లో అడిగి తెచ్చుకున్న వచ్చే ఏటి పోటీ ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపాను. విభాగం: వింటర్ ఏల్. దినుసులు అన్నచోట అన్నిటికంటే ముందు మిరియాలు రాశాను.