మధ్యాహ్నపు లొట్టి

ఈ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మా నిత్య ఆటో దిగి వచ్చింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంటే నాకు మొదట తెలిసింది వేడి కాదు, పొడి. అంత ఎండలోంచి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల ముంజేయి జిగటగా, చెమటగా ఉండాలి. అది అప్పుడే ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టలా ఉంది. మొహం కందిపోయింది. పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా నా వైపు చూసింది. అలాంటి ఆలస్యాన్ని నేను అంతకు ముందు ఒకే ఒకసారి చూశాను.

బట్టలు విప్పి, ఒళ్లంతా తడిపి, మెడ మీదా చంకల్లోనూ తడిగుడ్డలు పెట్టి, ఫ్యాను కింద పడుకోబెట్టాను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో పట్టాను. కాసేపటికి దాని పైపెదవి మీద చిన్న చిన్న చెమట చుక్కలు లేచాయి. వాటిని తుడవాలనిపించలేదు. వీధి చివర డాక్టరమ్మ చూసి, "సమయానికి చల్లబరిచారు, భయం లేదు" అంది.

సాయంత్రం తేరుకున్నాక సంగతి చెప్పింది. ఒంటిపూట బడి వదిలాక ఆటో పంక్చరై చాలాసేపు రాలేదట. "వాచ్‌మన్ తాత నీడకు రమ్మన్నడమ్మా. నేనే పోలె. నువ్వు గేటు కాడి నుంచి కదలొద్దన్నవ్ గదా." అవును, నేనే అన్నాను. బడి మొదలైన రోజు నుంచీ రోజూ అంటూనే ఉన్నాను. పిల్ల ఎక్కడికైనా వెళ్లిపోతుందేమోనన్న భయంలో ఎండ ఊసే నాకు తట్టలేదు. పడుకునే ముందు నిత్య అడిగింది: "చెయ్యి ముట్టంగనే నాకేమైతాందో నీకెట్ల తెలిసిందమ్మా?" పొద్దున చెప్తానన్నాను. ఇప్పుడు అది, దాని తమ్ముడు నిద్రపోయారు. పొద్దున నిజమే చెప్పాలా, చదువుకున్నాను కాబట్టి తెలిసిందని దాటవేయాలా తేల్చుకోలేక ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే సారయ్య పెద్దబాపు గురించి చెప్పాలి.

హసన్‌పర్తి అవతల మా ఊళ్లో ఆయనది మా గోడ పక్క ఇల్లు. కల్లు గీసేవాడు. మాకు చుట్టం కాడు. మా నాన్న దర్జీ. అయినా పుట్టినప్పటి నుంచీ పెద్దనాన్న వరసన ఆయన నాకు పెద్దబాపే, ఆయన భార్య రాజవ్వ పెద్దవ్వే. తెల్లవారకముందే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాళ్లల్లోకి, అంటే తాటివనంలోకి వెళ్లేవాడు. రాత్రంతా చెట్టు మీద కల్లుతో నిండిన లొట్లు, ఆ చిన్న కుండలు దించి, వెలుగొచ్చేసరికి ఇంటికి తెచ్చేవాడు. వాటిని ముట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా ఉండేవి. నేను పిరికి పిల్లను. కుక్కన్నా భయమే, ఉరుమన్నా భయమే, కొత్త మనిషన్నా భయమే. ఆయన దగ్గర మాత్రం భయం ఉండేది కాదు. ఎందుకంటే ఆయన నాకొక పని ఇచ్చేవాడు.

"తాగుడు గాదు. వాసన జూసి చెప్పు. ఇది ఏ చెట్టుది?"

ఆయన ప్రతి చెట్టుకూ ఒక పేరు పెట్టుకున్నాడు. ముసలమ్మ, జంట, దొంగ. ఒకరోజు నిండా పారి, మర్నాడు చుక్క రాల్చని చెట్టు దొంగ.

"దొంగదే పెద్దబాపూ."

"ఎట్ల దెలిసె?"

"జర నిమ్మకాయ వాసనొస్తాంది."

రాజవ్వ పెద్దవ్వ వాకిలి ఊడుస్తూ, "ఆడపిల్లకు కల్లు వాసన నేర్పుతానవ్. రేపు దీనికి మొగడు దొరుకుతడా?" అనేది.

"దొరుకుతడు తియ్. ముక్కు లేనోడు దొరుకుతడు" అనేవాడు ఆయన.

ఒకసారి అడిగాను, పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఎందుకు పులుస్తుందని. మా బడిలో ఏ ప్రశ్నకైనా సారు జవాబు చెప్పేవాడు, లేకపోతే తిట్టేవాడు. పెద్దబాపు రెండూ చేయలేదు. కత్తి నూరడం ఆపి, కాసేపు ఆలోచించి, "నాకెర్కలేదు బిడ్డా. మా అయ్యకు గూడ ఎర్కలేదు. నువ్వు సదువుకోనొచ్చి నాకు చెప్పు" అన్నాడు. పెద్దవాళ్లు తెలియదని అంత మామూలుగా చెప్పగలరని నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఇంటర్ పాసయ్యాక నాన్న నన్ను మిషను మీద కూర్చోబెడదామనుకున్నాడు. పెద్దబాపు వచ్చి మా గడప మీద కూర్చుని, "సాంబయ్యా, పొల్ల ఒక మాట కనుక్కోనొస్తనన్నది. కనుక్కోనియ్యవా?" అన్నాడు. ఏ మాటో నాన్నకు అర్థం కాలేదు. కానీ కాలేజీలో చేర్పించాడు.

హనుమకొండలో డిగ్రీ, సూక్ష్మజీవుల చదువు. రెండో ఏడు మైక్రోస్కోపులో ఈస్టును చూసిన వారమే ఊరికి వెళ్లి, నోటుపుస్తకంలో బొమ్మ గీసి ఆయనకు చూపించాను. ఇవి చక్కెర తింటాయి, అందుకే కల్లు పొంగుతుంది, వేడి ఎక్కువైతే వేరే జీవాలు పెరిగి దాన్ని పులగొడతాయి అని చెప్పాను. ఆయన బొమ్మను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇన్నేండ్లు చెట్టు మీదికెళ్లి నేను ఒక్కన్నే దిగుతాననుకున్న. గిన్ని జీవాలు నా ఎంబడి దిగుతానయన్నట్టు."

పరీక్షల్లో వచ్చిన ఏ మార్కూ నాకు అంత సంతోషాన్నివ్వలేదు.

తరువాత నా పెళ్లయింది, హనుమకొండలోనే కాపురం. ఊరికి వెళ్లిన ప్రతిసారీ ఆయన మాటలో ఏదో ఒక కొత్త కంగారు వినిపించేది. మాఘంలోనే ఎండలు ముదురుతున్నాయి. గెలలు వేళకు రావడం లేదు, వచ్చినవి కొసల దగ్గర ఎండుతున్నాయి. కురవకూడని నెలలో వాన కురిసి లొట్లలోకి నీళ్లు దిగుతున్నాయి. అన్నిటికన్నా ఆయన్ని బాధపెట్టింది రాత్రులు. "పగలు ఎండ మాకు కొత్త గాదు బిడ్డా. రాత్రి చల్లబడ్తలేదు. తెల్లారంగ దించిన లొట్టి గూడ ఎచ్చగుంటాంది, మనిషి ఒళ్లు లెక్క." రాత్రి చల్లగా ఉంటేనే తెల్లారి కల్లు తియ్యగా ఉంటుంది. ఇప్పుడది చెట్టు మీదనే పులిసి దిగుతోంది.

తాళ్ల కింద మండువాలో, అంటే కల్లు అమ్మే చోట, రోజూ కూర్చునేవాళ్లు ఎగతాళి మొదలుపెట్టారు. నా ముందే ఒకాయన ఆకు దొప్పలోంచి గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "సారన్నా, గిది కల్లా, చారా? ఇంత పోపు పెట్టుకరాకపోయినవ్."

"పోపు మీ ఇంట్ల పెట్టుకో. చెట్టు ఏమిస్తే గదే పోస్త" అన్నాడు పెద్దబాపు. నవ్వుతూనే అన్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్లో కొందరు అప్పటికే మత్తుమందు కలిపిన కల్లు తెచ్చి అమ్ముతున్నారు. ఆయన కలపనన్నాడు. మండువాకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు.

అప్పుడు నన్ను అడిగాడు. "నువ్వు సదివినవు గద. ఏం జెయ్యాలె చెప్పు."

ఇక్కడ నేను ఆగి నీళ్లు తాగి వచ్చాను. ఈ భాగం నేను ఎవరికీ చెప్పలేదు.

నేను కాలేజీ స్నేహితురాలి దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చాను. మూడు రోజులు మా అమ్మ ఇంట్లో ఉండి, దించిన ప్రతి లొట్టిలోనూ పెట్టి చూశాను. ఆయన పక్కనే గొంతుకూర్చుని, జ్వరం చూసే డాక్టరు ఎదుట కూర్చున్నట్టు నా మొహం వైపు చూసేవాడు. తెలియదని చెప్పడం ఆయన దగ్గరే చూసినదాన్ని, ఆ రోజు మాత్రం ఆ మాట నా నోట రాలేదు. అంత నమ్మకంగా అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "పొద్దున కట్టిన లొట్టిని సాయంత్రం దాకా ఎండలో ఉంచొద్దు పెద్దబాపూ. మధ్యాహ్నమే దించి కొత్తది కట్టు. అప్పుడు పులుపెక్కదు" అన్నాను. అప్పటిదాకా ఆయన తెల్లవారుజామునా, పొద్దు వాలాకా మాత్రమే ఎక్కేవాడు. నేను చెప్పింది తప్పు కాదు. లొట్టి సంగతి వరకూ అది పూర్తిగా నిజం.

అది పనిచేసింది కూడా. ఆ ఎండాకాలం మధ్యాహ్నం దించిన కల్లు తియ్యగా ఉందని మండువాకు మళ్లీ జనం వచ్చారు. పెద్దబాపు ఊరంతా చెప్పుకున్నాడట. "మా సరిత చెప్పిన సైన్సు. నా మనసుల పుట్టింది గాదు." అమ్మ ఫోనులో ఈ మాట చెబితే, ఆ రోజంతా వంటింట్లో నాలో నేను నవ్వుకుంటూ తిరిగాను.

తర్వాతి ఎండాకాలం పిల్లలతో ఊరికి వెళ్లాను. నిత్యకు నాలుగేళ్లు, బాబు చంకలో. వెళ్లిన రెండో రోజు మధ్యాహ్నం, పందిరి కింద బాబును ఆడిస్తుంటే పెద్దబాపు నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. మోకు ఇంకా భుజానే ఉంది. నాకు చూపించాలని మండువాకు వెళ్లకుండా ఒక లొట్టి ఇటే తెచ్చాడు. దొప్పలో కొంచెం పోసి ఇచ్చాడు.

"సూడు. తియ్యగున్నదా?"

నాలుక మీద వేసుకున్నాను. నిజంగానే తియ్యగా ఉంది. "తియ్యగుంది పెద్దబాపూ."

ఆయన తల ఊపి మంచం మీద కూర్చున్నాడు. కాసేపాగి మళ్లీ, "తియ్యగున్నదా?" అన్నాడు. ఉందన్నాను. వాకిట్లో ఆడుతున్న నిత్యను చూసి, "సరితా, బడికి పోలేదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "అది నిత్య. సరితను నేను" అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. మోకు తీసి పక్కన పెడుతూ ఆయన చెయ్యి ముట్టుకున్నాను. ఎండకు కాగిన పెంకులా ఉంది, చుక్క చెమట లేదు. నీడకు వచ్చాడు కదా, చెమట ఆరిందనుకున్నాను. చెంబుతో నీళ్లిచ్చి, "జర ఒరుగు" అని, బాబును నిద్రపుచ్చడానికి లోపలికి వెళ్లాను. వాడితో పాటు నాకూ కునుకు పట్టింది.

లేచేసరికి రాజవ్వ పెద్దవ్వ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తోంది. భర్తను పేరు పెట్టి ఆమె ఎన్నడూ పిలవలేదు. అంబులెన్సు వచ్చింది. వరంగల్ దవాఖానకు చేరేలోపే ఆయన పోయాడు. వడదెబ్బ అన్నారు.

చెట్టు మీంచి పడి చనిపోయిన గీత కార్మికుల ఇంటికి సర్కారు సాయం వస్తుంది. ఆ సంగతి తెలిసిన కులపెద్దలు మూడో రోజు పెద్దవ్వ దగ్గరికి వచ్చారు. "దిగంగ జారి పడ్డడని రాయిద్దాం వదినె. నీకు ఆసరైతది" అన్నారు. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. తరువాత అంది: "నలభయ్యేండ్లు ఎక్కిండు. ఒక్కనాడు పడలే. ఆనాడు గూడ పడలే, దిగిండు. పడ్డడని రాయకున్రి."

వాళ్లు వెళ్లాక నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, "నువ్వు చెప్పినట్టు చేసినంక మనసు నిమ్మలమైంది బిడ్డా ఆయనకు. కల్లు బాగైందని మురిసిండు" అంది. ఆ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది. ఉంటే నేను ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. ఆమె నన్ను మెచ్చుకుంది, నేను తల ఊపాను. ఊరు ఊరంతా మెచ్చుకుంది. నాలుగేళ్లుగా ఆ మెప్పును మోస్తున్నాను.

ఇప్పుడు ఆ తాళ్లు ఎవరూ ఎక్కడం లేదు. ఆయన కొడుకు వరంగల్లో బట్టల దుకాణంలో పనిచేస్తున్నాడు, అది మంచిదే. పిల్లలు ఎండలోకి వెళితే నేను పడే ఆరాటం చూసి మా ఆయన, "అతి చేస్తానవ్ సరితా" అంటాడు. చేస్తున్నాను. అంత ఆరాటపడి కూడా ఈ రోజు నా పిల్లను నేనే గేటు దగ్గర ఎండలో నిలబెట్టాను. భయపడడం వేరు, చూడడం వేరు. పెద్దబాపుకు భయం ఉండేది కాదు, కానీ ఆయన ప్రతి చెట్టునూ చూసి ఎక్కేవాడు. తెలియనిది తెలియదనేవాడు. ఆయన దగ్గర అన్నేళ్లు కూర్చుని నేను నేర్చుకోవలసింది ఆ ఒక్క మాట. అదే వదిలేసి వాసనలు నేర్చుకున్నాను.

ఇంతవరకూ రాసి పడుకున్నాను. మిగిలింది పొద్దున జరిగింది.

నిత్య ఇడ్లీ తింటూ మళ్లీ అడిగింది. తమ్ముడు కూడా చెవి ఒగ్గాడు. ఇద్దరి ముందూ నేల మీద కూర్చుని చెప్పాను. "మనూళ్లె సారయ్య తాత అని ఉండె. ఆయన చెయ్యి గూడ గిట్లనే పొడిగుండె. అప్పుడు నాకు తెల్వలె. నీళ్లిచ్చి పడుకోమన్న. ఆయన చచ్చిపోయిండు. అందుకే నిన్న తెలిసింది."

"ఎండల ఎందుకు తిరిగిండు?" అంది నిత్య.

"తిరగలె. చెట్టెక్కిండు. మధ్యాహ్నం ఎక్కుమని నేను చెప్పిన. లొట్టి ఎంత కాగుతాందో చూసిన గని, మనిషి ఎంత కాగుతాండో చూడలె."

నిత్య చేతిలోని ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టేసింది. "నీ మాట ఎందుకు విన్నడు మరి?"

"నాకు అన్నీ తెలుసనుకున్నడు. నాకు తెల్వదు బిడ్డా. ఇంకోసారి ఎండ కొడితే, గేటు ఇడిచి నీడకు పో. నేను కదలొద్దన్నా సరే, పో."

"నువ్వు కొడితే?"

"కొట్టినా పో" అన్నాను.