దీర్ఘం లేని అబ్బ

మా అమ్మ అమెరికాలో వీల్‌చైర్‌లో దిగింది. మోకాళ్లకి ఏమీ కాలేదు. విమానం మారే చోట గేటు ఎటో ఇంగ్లిష్‌లో అడగాల్సి వస్తుందని టికెట్‌తో పాటే వీల్‌చైర్ పెట్టించుకుంది. మనవాళ్ల అమ్మానాన్నల్లో చాలామంది ఇలాగే వస్తారు. కుర్చీ తోసేవాడికి దారి తెలుసు, కూర్చున్నవాళ్లకి ఇంగ్లిష్ అక్కర్లేదు. అంతవరకు బాగానే ఉంది. ఇంటి ముందు కారు దిగేటప్పుడు మాత్రం "అబ్బా" అంది.

ఆ ఒక్క మాటతో అమ్మకి మోకాళ్ల నొప్పులని మా అక్క కేసు తేల్చేసింది. రెడ్‌మండ్‌లో అక్క ఇంట్లో ఆ రోజు నుంచి అమ్మకి ఒంటరిగా బయటికెళ్లడం బంద్. వీధి చివర పార్కుని కిటికీలోంచి టీవీలాగా చూసేది.

"ఊళ్లో రోజూ రైతుబజారు దాకా నడిచేదాన్నే."

"నొప్పి దాస్తున్నావమ్మా నువ్వు."

నేను వీకెండ్‌కి వచ్చినప్పుడల్లా ఇదే సీరియల్. చివరికి అమ్మే పందెం వేసింది. ఆ శనివారం కొండల మీది పార్కుకి వెళ్లే ప్లాన్ ఉంది. అక్కడ జలపాతం దాకా చిన్న బాట.

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లొస్తా. వచ్చానా, మర్నాటి నుంచి పొద్దున్నే నా వాకింగ్‌కి నేను పోతా."

"సరే. కానీ అబ్బా అన్నావో, అక్కణ్నుంచే వెనక్కి," అంది అక్క.

నన్ను అంపైర్‌గా పెట్టారు. జీతం పులిహోర.

ఆ బాట మీద సాహసగాథ రాయడం కష్టం. బోర్డు మీదే ఈజీ అని ఉంది. స్ట్రోలర్లలో పసిపిల్లలు పాలు తాగుతూ మమ్మల్ని దాటిపోయారు. పక్కన పచ్చికలో ఊదారంగు పూలు, పైన నడి వేసవిలో కూడా తెల్లటి మంచు. అమ్మ అవేవీ చూడలేదు. భుజాన పులిహోర డబ్బా సంచితో, ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అక్క పాత స్నీకర్లలో, మూతి బిగించి, నేలవైపే చూస్తూ నడిచింది. వెనకాలే అక్క, చెవులు రిక్కించుకుని.

ఆ మాట అనకుండా మనం కూర్చోలేం, లేవలేం. మోకాళ్లు బాగానే ఉన్న నేను కూడా సోఫాలోంచి లేస్తే అంటాను. అలాంటిది బాట చివర రాతిమెట్లు దిగుతూ అమ్మ నోటిదాకా వచ్చినదాన్ని గుటకేసి మింగడం నేను కళ్లారా చూశాను. ఎదురొచ్చిన దొర హాయ్ అంటే తల మాత్రం ఊపింది.

"మాట్లాడొచ్చమ్మా. ఒక్క మాటే కదా వద్దంది," అన్నాను.

"రిస్క్ ఎందుకురా," అంది పళ్ల మధ్యనుంచి.

మలుపు తిరిగితే జలపాతం. నల్లటి బండ మీంచి ఒక్కసారిగా పడుతోంది, తుంపర్లు మా మొహాల దాకా వస్తున్నాయి. అమ్మ అప్పుడు తలెత్తింది.

"అబ్బ!"

అక్క వేలు లేచింది. "అన్నావు."

"అన్నది కాళ్లు కాదే. కళ్లు!"

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను అద్దాలు తుడుచుకుని, తుంపర్లలో తడుస్తూ, వ్యాకరణం ప్రకారం తీర్పు చెప్పాను. "నొప్పికి దీర్ఘం ఉంటుంది. దీనికి లేదు. నాటౌట్."

"ఇంకా సగమే అయింది. తిరుగుదారంతా ఎక్కుడే," అంది అక్క.

"తెలుసు," అని అమ్మ ముందు నడిచింది.

మెట్ల దగ్గర ఆగింది. ఊపిరి తీసుకుంది. రెయిలింగ్ పట్టుకుంది; రెయిలింగ్ ఎవరి చెయ్యీ కాదు కాబట్టి నేను కలగజేసుకోలేదు. అక్క ఉండబట్టలేక చెయ్యి చాపింది. అమ్మ ఆ చేతిలో పులిహోర డబ్బా సంచి పెట్టి, పైకెక్కింది. కార్ పార్కింగ్ దాకా ఒక్క మాట లేదు. కారెక్కాక మాత్రం, "రేపు నా బూట్లు గుమ్మం దగ్గర పెట్టండి," అంది.

మర్నాడు పొద్దున్న అక్క ఆపలేదు. చేతికి ఫోన్ ఇచ్చి, అమ్మ పార్కు చుట్టూ తిరుగుతున్నంతసేపూ వంటింటి కిటికీ దగ్గరే పనులు కల్పించుకుంది. కొంతసేపటికి తలుపు తెరిచిన చప్పుడైంది. బూట్లు విప్పడానికి అమ్మ వంగినట్టుంది.

"అబ్బాఆఆ..."

దీర్ఘం ఉంది. ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

అక్క నావైపు చూసింది. నేను అక్కవైపు చూశాను. అక్క గబుక్కున మిక్సీ ఆన్ చేసింది.

జార్‌లో ఏమీ లేదు.