కుక్క చావలేదా అంటే యెస్ అన్నాను

బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకోవడానికి పిచ్చికుక్కే కరవనక్కర్లేదు, నాపాటి ఇంగ్లీషు వస్తే చాలు. నవ్వకండి! ఆ రోజు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే పదో తరగతి పాసయ్యాను. నారాయణఖేడ్ మొత్తానికి నా అంత ఇంగ్లీషు పండితుడు లేడని అమ్మ నమ్మకం. నాదీ అదే. ఇంతలో పక్కింటి ఎల్లవ్వ కుక్క నా పిక్క పట్టుకుంది.

"దానికేం పిచ్చి లేదు. నువ్వే దాని తోక తొక్కినవ్!" అని ఎల్లవ్వ నన్నే తిట్టింది.

అమ్మ వినకుండా దవాఖానకు లాక్కుపోయింది. అప్పట్లో కరిచిన కుక్క బతికుంటే కట్టు కట్టి పంపేవారు, చచ్చిందంటే పిచ్చిదని లెక్క, బొడ్డు చుట్టూ సూదులే. అక్కడి డాక్టరమ్మ కొత్తగా వచ్చిన కేరళ మనిషి, తెలుగు రాదు. గడప దగ్గర అమ్మ నా చెవిలో చెప్పింది: "పెద్దోళ్లకు ఎదురు చెప్పకు బిడ్డా. ఏమడిగినా అవునను."

"డాగ్ ఈజ్ నాట్ డెడ్?" అని అడిగింది డాక్టరమ్మ.

కుక్క చావలేదు కదా అంటోంది. అవును, చావలేదు.

"యెస్ మేడం!"

ఆమె ముఖం మాడింది. "యు డిడ్ నాట్ కిల్ ఇట్?"

నేను చంపలేదు కదా అని! ఎంత మంచి మనిషి!

"యెస్ మేడం!"

ఆమె కేకేస్తే పక్క గదిలోంచి కాంపౌండర్ సూదితో వచ్చాడు. సైకిల్ పంపంత సూది!

"కుక్కను సంపినవా అంటే యెస్ అన్నవంట గద? అంగీ లేపు" అన్నాడు.

నేను అంగీని రెండు చేతులా కిందికి లాగి పట్టుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదై పొట్ట మీదికి తెచ్చింది.

"అయ్యో, గా కుక్క బతికే ఉన్నదయ్యా!" అంటూ అమ్మ బయటికి ఉరికి, ఎల్లవ్వనూ కుక్కనూ వెంటబెట్టుకొచ్చింది.

"నా కుక్క సచ్చిందన్నోని నోట్ల మన్ను వడ!" అంది ఎల్లవ్వ. కుక్క నన్ను చూసి తోకాడించింది.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "సో, యు డోంట్ వాంట్ ఇంజెక్షన్?"

సూది వద్దు కదా అని! వద్దు తల్లీ, వద్దు!

"యెస్ మేడం! యెస్! యెస్!"

కాంపౌండర్ మళ్లీ సూది ఎత్తాడు. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఎదురు చెప్పురా సన్నాసీ! ఎదురు చెప్పు!"

మా దగ్గరి బోరంచ గుడి నల్లపోచమ్మ తల్లి మీద ఆ పూటే ఒట్టేసుకున్నాను. ఇంగ్లీషులో ఎవరేమడిగినా ముందు రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంటాను, ఆ తరవాతే నోరు తెరుస్తాను.